అయిజలో జపాను పాఠం

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళకు ముందుగా ఒక హెచ్చరిక. మనల్ని 'ప్రత్యేక ఉపాధ్యాయులు' అంటారు. ఉద్యోగంలో చేరిన రోజు ఆ మాట విని నాలో ఏదో ప్రత్యేకత ఉందని నేనూ నమ్మాను. వారం తిరక్కముందే పిల్లలు ఆ నమ్మకం పోగొట్టారు. ప్రత్యేకత వాళ్ళది, ఉపాయం వాళ్ళదే, జీతం మాత్రం నాది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్. ఈ మూడు ఊళ్ళ చుట్టూ గానుగెద్దులా తిరిగి రిటైరయ్యాను. చూపు లేని పిల్లలకు బ్రెయిల్ నేర్పడం, కర్ర పట్టుకుని నడవడం నేర్పడం, ఇళ్ళకు వెళ్ళి తల్లిదండ్రులతో మాట్లాడడం నా పని. బ్రెయిల్‌ను వేళ్ళతో తడిమి చదవాలి. నా వేళ్ళకు ఆ చదువు ఎప్పటికీ అబ్బలేదు. కాగితం మీద ఉబ్బిన చుక్కల్ని కళ్ళతో చూసి చదివేవాణ్ణి. వనపర్తిలో పిల్లలు ఆ సంగతి కనిపెట్టి, "సార్ కాపీ కొడుతుండు" అని ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుని నవ్వేవారు. చివరిదాకా కాపీ కొట్టే నెట్టుకొచ్చాను.

పదోన్నతుల గురించి రాయను. రాయాలంటే వచ్చి ఉండాలి కదా. ఫైళ్ళ గురించీ రాయను, వాటిని చదివినవాళ్ళే లేరు. ఈ ఉద్యోగం నిజంగా ఏమిటో నాకు నేర్పిన అమ్మాయి గురించి రాస్తాను. పేరు షబానా. ఊరు అయిజ.

వంతు

అయిజ బజారులో ఖాజా భాయ్‌ది గాజుల దుకాణం. షబానా ఆయన కూతురు, పుట్టుకతోనే చూపు లేదు. నేను మొదటిసారి వెళ్ళేనాటికే ఆమె డిగ్రీ పూర్తి చేసి ఇంట్లో కూర్చుంది. కూర్చుంది అనడం కూడా సరికాదు, కూర్చోబెట్టారు. పొద్దున తండ్రి చేయి పట్టుకుని దుకాణానికి, సాయంత్రం అదే చేయి పట్టుకుని ఇంటికి.

దుకాణం అరుగు మీద కూర్చుని పలకరించాను.

"నీ పేరేందమ్మా?"

"షబానా సార్" అన్నాడు ఖాజా భాయ్.

"ఏం చదివినవ్?"

"డిగ్రీ అయింది సార్, పాలమూర్ల."

"నీకేం చేయాలని ఉంది?"

"ఆమెకేముంటది సార్, ఇంట్ల రేడియో ఉంది, ఫోనుంది. పరేషాన్ లేదు."

నాకు కాస్త చిరాకేసింది. "ఏంది షబానా, నీకు గొంతు లేదా?"

గాజులు వరుసగా కడ్డీకి ఎక్కిస్తున్న ఆ అమ్మాయి చేతులు ఆగాయి. "గొంతుంది సార్. వంతే వస్తలేదు."

మాటలతో ఆడుకోవడం నా బలహీనత. ఆ ఆటలో నన్ను ఓడించిన మనిషిని అప్పుడే మొదటిసారి చూశాను. ఖాజా భాయ్ కూడా నవ్వాడు. నవ్వి, "గట్ల మాట్లాడతది సార్" అని దానికీ ఆయనే వ్యాఖ్యానం చెప్పాడు.

ఆయన చెడ్డ తండ్రి కాదు. ఎండ తగిలితే కూతురికి అడ్డం నిలబడే మనిషి. ప్రశ్న వచ్చినా అలాగే అడ్డం నిలబడేవాడు. మీరు వెళ్ళే ఇళ్ళలో సగానికి పైగా ఇలాగే ఉంటాయి. పిల్లను అడుగుతారు, తల్లి చెబుతుంది. కొడుకును అడుగుతారు, అన్న చెబుతాడు. అలవాటైపోయి మీరు కూడా పెద్దవాళ్ళ మొహం చూసి అడగడం మొదలుపెడతారు. నేనూ చాలాకాలం అలాగే అడిగాను.

ఛీఛీ

జపానులో ఒక సంస్థ ఏటా ఆసియా దేశాల నుంచి వికలాంగులైన యువతీయువకులను కొందరిని పిలిపించుకుని, పది నెలలు అక్కడే ఉంచి శిక్షణ ఇస్తుంది. సొంత గదిలో సొంతంగా ఉండాలి, రైళ్ళలో తిరగాలి, తమలాంటి వాళ్ళు అక్కడ ఎలా చదువుతున్నారో, ఎలా ఉద్యోగాలు చేస్తున్నారో చూసి, తిరిగొచ్చి తమ ఊళ్ళో ఏదైనా మొదలుపెట్టాలి. ఎంపికకు ముందే కొంచెం జపాను భాష వచ్చి ఉండాలి. ఆ సంగతి తెలియగానే షబానాకు చెప్పాను.

"వయసు దాటుతదా సార్?" అదే ఆమె మొదటి ప్రశ్న.

"ఈ ఏడు కాకుంటే ఇగ కాదమ్మా."

"అయితే ఈ ఏడే పోత."

'పోత' అంది, 'పోతనా' అని అడగలేదు. గద్వాలలోనే బ్రెయిల్ పుస్తకాలూ మాట్లాడే కంప్యూటరూ పెట్టి తనలాంటి పిల్లలకు నేర్పాలని ఆమె కోరిక. అది దుకాణంలో గాజుల మధ్య కూర్చుంటే తీరదని ఆమెకు తెలుసు. ఈ అవకాశం పోతే ఆ అరుగే శాశ్వతమని మా ఇద్దరికీ తెలుసు.

పాఠాలు చెప్పడానికి ఆ సంస్థే ఒక స్వచ్ఛంద ఉపాధ్యాయురాలిని చూసిపెట్టింది. తనాకా గారు. ఆమెకూ చూపు లేదు. వారానికి రెండుసార్లు ఫోనులో పాఠం. నాకు జపాను భాష రాదు. రాకపోయినా పక్కన కూర్చునేవాణ్ణి, కూర్చోవడం ఒక్కటే నాకు బాగా వచ్చిన విద్య. తనాకా గారు ఇంగ్లీషులో వివరిస్తే నేను తెలుగులో చెప్పేవాణ్ణి. పరాయి భాష ఏదైనా ఇంగ్లీషు గుండానే రావాలని మన దగ్గర ఒక గట్టి నమ్మకం, సరుకు ఎక్కడిదైనా హైదరాబాదు మీదుగా వచ్చినట్టు. నెల తర్వాత షబానాయే అంది, "సార్, నడుమ ఇంగ్లీష్ ఎందుకు? గా భాషల గూడ మన లెక్కనే క్రియ చివరకొస్తుంది. సీదా తెలుగుల చెప్పండి." నిజమే. జపాను వాక్యం పక్కన అదే వరుసలో తెలుగు మాటలు పెట్టుకుని, నడుమ ఇంగ్లీషు వ్యాకరణాన్ని దింపేశాక బండి తేలికైంది. ఇంకో మేలు కూడా ఉంది. జపాను నేర్చుకునే చూపున్నవాళ్ళు వేలకు వేలు బొమ్మల్లాంటి అక్షరాలు బట్టీపట్టాలి. అక్కడి బ్రెయిల్‌లో ఆ బెడద లేదు, పలికే శబ్దానికే చుక్కలు. షబానా ఆ చుక్కలు నాకంటే ముందే నేర్చేసుకుంది. అప్పటినుంచి నేను ఆమె దగ్గర కాపీ కొట్టాను.

ఇంత బాగా నడుస్తున్నా ఫోనులో మాత్రం ఆమె నోరు తెరవడం లేదు. కారణం నా కళ్ళ ముందే ఉంది, నేనే చూడలేదు. పాఠం జరిగేది దుకాణంలోనే. ఖాజా భాయ్ గాజులు అమ్ముతూ ఒక చెవి ఇటు పడేసేవాడు. తనాకా గారు "షబానా సాన్, గెన్కి దెస్ కా?" అని క్షేమం అడిగితే, షబానా మాట కూడదీసుకునే లోపల "గెన్కి! గెన్కి!" అని ఖాజా భాయ్ గల్లా దగ్గరి నుంచి అరిచేవాడు. నిన్న ఏం తిన్నావంటే అన్నం, పప్పు అన్నీ జపాను మాటల్లో ఆయనే చెప్పేవాడు. ఎవరో గాజులు బేరమాడుతుంటే వాళ్ళకు తెలుగులో జవాబు, మాకు జపానులో జవాబు. ఎంత హుషారైన శిష్యుడో అని నేను మురిసిపోయాను.

జపాను వాళ్ళు ఇతరులతో మాట్లాడేటప్పుడు తమ తండ్రిని 'చిచి' అంటారు. అది విన్నరోజు మాత్రం ఆయన చిన్నబుచ్చుకున్నాడు. "ఇన్నేండ్లు సాదితే నన్ను ఛీఛీ అనుడేంది సార్?"

"నేననలే అబ్బా, జపాను అన్నది" అంది షబానా. తండ్రిని ఆమె 'అబ్బా' అనే పిలుస్తుంది.

ఒకరోజు పాఠం అయ్యాక తనాకా గారు నాతో విడిగా మాట్లాడాలన్నారు. చాలా మర్యాదస్తురాలు, అసలు సంగతికి రావడానికి వాతావరణం మీదుగా పెద్ద చుట్టు తిరిగి వచ్చారు. చివరికి ఇంగ్లీషులో అడిగారు. "మన్నించాలి. షబానా గారు బాగా నేర్చుకుంటున్నారు. కానీ దరఖాస్తులో స్త్రీ అని రాశారు. ఆయన గొంతు వింటే నడివయసు మగవాడిలా ఉంది."

నాకు నవ్వు రాబోయి ఆగిపోయింది. ఆమెకు మా దుకాణం కనిపించదు, గొంతులే వినిపిస్తాయి. ఇన్ని పాఠాల తర్వాత కూడా ఆమె షబానా గొంతు సరిగా వినలేదు. మేమంతా చూస్తూ ఉండి గమనించనిది, ఆమె అంత దూరం నుంచి విని పట్టుకుంది.

ఉన్నదున్నట్టు ఖాజా భాయ్‌కి చెప్పాను. ఆయన మొదట పగలబడి నవ్వాడు. తర్వాత నవ్వు తగ్గించి, "అంటే సార్, గామె నేర్పేది మొత్తం నాకేనా?" అన్నాడు.

"ఇప్పటిదాకా అంతే భాయ్. పరీక్షకు మాత్రం మిమ్మల్ని పిలవరు."

షబానా మెల్లగా అంది, "అబ్బా, నువ్వు పాసైతే నేను ఈడనే ఉంట."

మరుసటి పాఠం నుంచి ఫోను దుకాణం వెనక గదిలోకి మారింది. ఆ గదిలో ఆయనకూ ప్రవేశం లేదు, నాకూ లేదు. మొదటిరోజు మేమిద్దరం గల్లా దగ్గర కూర్చుని తలుపు వైపు చూశాం. ఖాజా భాయ్ లేవబోతే మోకాలు పట్టుకుని కూర్చోబెట్టాను. తర్వాత లోపలి నుంచి ఆమె మాట వినిపించింది. తడబడుతూ, ఆగుతూ, మళ్ళీ మొదలుపెడుతూ. ఆ తడబాటే ఆమె అసలు పాఠం. ఆ తడబాటుకు ఇన్నాళ్ళూ మేము చోటివ్వలేదు.

మీకు నా సలహా ఇదే. ప్రశ్న అడిగాక నోరు మూసుకోండి. ఈ ఉద్యోగంలో అంత కష్టమైన పని ఇంకొకటి లేదు.

బస్సుతోని

దరఖాస్తుకు మా అధికారి సిఫారసు కావాలి. ఆయన ఆఫీసు వనపర్తిలో. మాట కటువు, మనసు కాదు. కానీ ముందు అందరూ చవిచూసేది మాటనే. నేను చెప్పిందంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు.

"జపానుకా? మాస్టారూ, అయిజ నుంచి గద్వాలకు ఒక్కతే పోయి రమ్మను ముందు. తర్వాత జపాను ముచ్చట చెప్పు."

నాకు ఒళ్ళు మండింది. ఆ కోపంతోనే బస్సెక్కాను. గద్వాల వచ్చేసరికి కోపం చల్లారి, ఆయన ఎగతాళిగా అన్నదే సరైన పాఠ్యప్రణాళిక అని తోచింది. టోక్యో రైలు ఎక్కేముందు గద్వాల బస్సు ఎక్కాలి కదా.

షబానా తెల్లకర్రతో అయిజలో నడవడం నేర్చుకుంది. బజారంతా సలహాలే. "కుడికి బిడ్డా", "ఎడమకు", "ఆగాగు బర్రె ఉంది". కర్ర కంటే ఎక్కువ అడ్డం మనుషులే. కొన్నాళ్ళకు గద్వాల బస్సు ఎక్కింది, ఒంటరిగా. అంటే ఆమె ముందు సీట్లో, నేను ఆమెకు చెప్పకుండా వెనక సీట్లో.

ఆధార్ కార్డు చూసి ఆడవాళ్ళకు ఉచిత టికెట్టు ఇచ్చే కండక్టర్, షబానాను దాటి ఆమె పక్కనున్న పెద్దామెను అడిగాడు. "అమ్మా, ఈ పిల్ల యాడ దిగుతది? కార్డుందా?"

"నాకేమెర్క నాయినా, నేనేమన్న ఆమె అత్తనా?" అందామె.

షబానా సంచిలోంచి కార్డు తీసి గొంతు వచ్చిన వైపు చాపింది. "కార్డు నాది, టికెట్ నాది, దిగేది గద్వాలల. నన్నడుగన్నా, పైసల్ పడవు."

బస్సంతా నవ్వింది. కండక్టర్ కూడా నవ్వి, "తప్పైంది చెల్లే" అన్నాడు. గద్వాల బస్టాండులో దిగాక ఆమె వెనక్కి తిరిగి, "సార్, వచ్చేటప్పుడు ముందు సీట్ల కూసోండి. ఎనక కుదుపులకు మీ నడుము పోతది" అంది.

"నేనున్నట్టు ఎట్ల తెలిసింది?"

"కండక్టర్ నన్ను దాటి అడిగినప్పుడు ఎనక సీట్ల ఒకరే దగ్గిండ్రు సార్. జవాబు చెప్పకుండ ఆపుకుంటే గట్లనే దగ్గొస్తది."

ఆ తర్వాత నేను వెంట వెళ్ళలేదు. కొద్దిరోజులకు షబానా నాకే చెప్పకుండా గద్వాలలో బస్సు మారి వనపర్తి వెళ్ళి, అధికారి గది తలుపు తట్టింది. ఆయన తలెత్తి, అలవాటు చొప్పున ఆమె వెనక ఎవరున్నారా అని చూశాడట.

"ఎవరితోని వచ్చినవమ్మా?"

"బస్సుతోని సార్."

సిఫారసు అక్కడికక్కడే రాసిచ్చాడు. ఇప్పటికీ ఆయనంటే నాకు గౌరవం. తన మాట తప్పని తేలినప్పుడు దాన్ని అంత వేగంగా వెనక్కి తీసుకున్న అధికారిని నేను ఇంకొకరిని చూడలేదు.

తలుపు బయట

ముఖాముఖి హైదరాబాదులో. మన దగ్గర ఇంటర్వ్యూ అంటే బట్టీ. నేనూ ఆ బాపతే. "సమాజానికి సేవ చేయాలని నా ఆశయం" వంటి మంచి వాక్యాలు తనాకా గారి చేత జపానులో పెట్టించి, షబానా చేత వల్లె వేయించాను. కారులో కూడా అప్పజెప్పించుకున్నాను. ఆ పెద్ద మాటల అర్థం తెలియకుండానే ఖాజా భాయ్ కూడా వల్లించాడు.

లోపల ఇద్దరు జపాను పెద్దలు, ఒక దుబాసీ. నేనూ లోపల కూర్చుంటానన్నాను. కుర్చీ ఒక్కటే ఉందని దుబాసీ మర్యాదగా చెప్పాడు. తలుపు మాత్రం పూర్తిగా మూయలేదు. మేమిద్దరం ఆ సందు దగ్గర నిలబడ్డాం. అలా వినడం తప్పే, కానీ అక్కడినుంచి కదిలే శక్తి మాకు లేదు.

వాళ్ళు ఆశయం అడగలేదు. సేవ అడగలేదు. కుటుంబంతో చివరిసారి దేని గురించి గొడవపడ్డావని అడిగారు. దుబాసీ దాన్ని తెలుగులో చెప్పడం పూర్తికాకముందే షబానా ఆపింది. అర్థమైందని జపానులోనే చెప్పింది. బట్టీ పట్టించిన వాటిలో గొడవ లేదు.

ఆమె మాట వెతుక్కునే లోపల ఖాజా భాయ్ పెదవులు కదిలాయి. తన పెదవులు తనే చేత్తో మూసుకున్నాడు.

షబానా మొదలుపెట్టింది. చిన్న చిన్న వాక్యాలు. ఒక్కోటి వెతుక్కుని, దొరికాక పెడుతోంది. మధ్యలో 'చిచి' అన్నది నాకూ తెలిసింది. ఖాజా భాయ్ మొహం ఎర్రబడింది.

"సార్, దవాఖాన కత చెప్తుంది" అన్నాడు గుసగుసగా.

"ఏం కత?"

"పోయిన నెల పన్ను నొప్పి లేసిందామెకు. దవాఖానకు తోల్కపోయిన. డాక్టర్ ఏం నొప్పి అంటే, మామిడిపండ్లు బాగ తిన్నది కదా అని, కడుపు అని నేనే చెప్పిన."

లోపల షబానా అదే చెబుతోంది, దుకాణంలో నేర్చిన జపానుతో ఖాజా భాయ్ ఒక్కో వాక్యాన్నీ నాకు తెలుగు చేస్తున్నాడు. పన్ను నొప్పి. నాన్న కడుపు అన్నాడు. డాక్టర్ కడుపుకు మందిచ్చాడు. మందు తాగాను. పన్ను నొప్పి పోలేదు. కడుపు నొప్పి వచ్చింది.

గది ఒక్కసారిగా నవ్వింది. జపాను పెద్దాయన బల్ల మీద చెయ్యి చరిచి నవ్వుతున్నాడు. షబానా ఆగలేదు. నవ్వు తగ్గేదాకా ఉండి ఇంకో వాక్యం పెట్టింది. అది నాకు అందలేదు, ఖాజా భాయ్‌కి అందింది. ఆయన గోడకు ఆనుకున్నాడు.

"ఏమన్నది భాయ్?"

"నాన్న మంచోడే, నా నొప్పి నాకే తెలుసు అన్నది సార్."

తర్వాత, "గట్ల నవ్విండ్రంటే పాసైనట్టేనా?" అన్నాడు.

పరాయి భాష ఎప్పుడు వచ్చినట్టు అని కొత్త టీచర్లు నన్ను అడుగుతుంటారు. అందులో జోకు వేసి అవతలివాళ్ళను నవ్వించినప్పుడు, అందులో ఇంటివాళ్ళ మీద ఫిర్యాదు చేయగలిగినప్పుడు. షబానా రెండూ ఒకే ముచ్చటలో చేసింది. నేను రాయించిన మంచి వాక్యాలు ఒక్కటీ వాడలేదు. అందుకు ఆమెకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ఫలితం వచ్చిన రోజు నేను నాగర్‌కర్నూల్‌లో తల్లిదండ్రుల సమావేశంలో ఉన్నాను. ఫోను మోగింది. స్పీకరు పెట్టాను. అవతలినుంచి ధారగా జపాను. అక్కడెవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా ఆ గొంతులోని హుషారుకే ఒక్కొక్కరు చప్పట్లు మొదలుపెట్టి గది మారుమోగించారు. తర్వాత తెలుగు వినిపించింది. "సార్, పోతున్న!"

బల్మూర్ నుంచి వచ్చిన ఒక తల్లి అంతసేపూ తన బిడ్డ గురించి తనే చెబుతూ ఉంది. ఆ ఫోను విన్నాక పక్కనున్న కూతురి భుజం తట్టింది. "ఇగ నువ్వు చెప్పవే."

విమానాశ్రయంలో

వీడ్కోలుకు నేనూ వెళ్ళాను. చూపు లేని ప్రయాణికులు సాయం అడిగితే విమానాశ్రయంలో చక్రాల కుర్చీ తెస్తారు. కళ్ళకూ కాళ్ళకూ సంబంధం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. యూనిఫాం వేసుకున్న ఒకామె కుర్చీ తోసుకుంటూ మా దగ్గరికి వచ్చింది.

షబానా నవ్వింది. "నాకు కాళ్ళు మంచిగనే ఉన్నయి అక్కా. మీ మోచెయ్యి ఇస్తే చాలు. కుర్చీ ఖాళీగ పోవుడెందుకు, మా అబ్బాకు మోకాళ్ళ నొప్పులు. గేటు దాంక ఆయన్ను కూసోబెట్టండి."

ఖాజా భాయ్ వద్దన్నాడు. పొద్దున్నుంచీ నిలబడి ఉన్నాడు, మోకాళ్ళు ఆయన మాట వినలేదు. కూర్చున్నాడు. షబానా ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో కుర్చీ తోస్తున్న ఆమె మోచెయ్యి పట్టుకుని నడిచింది. నేను సామాను బండి తోశాను. అలా గేటు దగ్గరికి చేరాం.

అక్కడ ఆ యూనిఫాం ఆమె ఖాజా భాయ్ తల మీదుగా షబానాను అడిగింది. "మేడం, ఈయన్ని ఎక్కడ దింపాలి? నీళ్ళేమైనా తాగుతారా?"

"ఆయనకు చాయ్ కావాలె. చక్కెర తక్కువ" అంది షబానా, ఏ మాత్రం తడుముకోకుండా.

ఖాజా భాయ్ కుర్చీలోంచి సగం లేచాడు. "ఓ అమ్మా, నన్నడుగు! నేనీడనే ఉన్న కదా! చక్కెర తక్కువెందుకు, నిండుగ వెయ్యమను!"

అనేశాక ఆయనకే తెలిసొచ్చింది. కుర్చీలో కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వడం మొదలుపెట్టాడు. షబానా వంగి, చేత్తో తండ్రి భుజం వెతికి పట్టుకుని ఆయనతో కలిసి నవ్వింది. మా నలుగురి నవ్వుకు గేటు దగ్గరి పోలీసు కూడా టికెట్టు చూడడం మాని మమ్మల్ని చూశాడు. చూసి, ఆమె వెంట ఎవరున్నారా అని వెతక్కుండా, ఆమెనే అడిగాడు. "ఎక్కడికమ్మా?"

"జపాన్‌కు!" అంది షబానా. వరుసలో ఉన్న వాళ్ళందరికీ వినిపించింది.

లోపలికి వెళ్ళిపోయాక కూడా అద్దం అవతల ఆమె గొంతు వినిపిస్తూనే ఉంది. గేటు ఎటు, తర్వాత ఎటు పోవాలె, ఈ యంత్రం ఏం చేస్తుందని ఎవరినో ఒకరిని అడుగుతూనే ఉంది. ఖాజా భాయ్ ఆ గొంతు వినిపించినంతసేపూ కదల్లేదు.

"పాపం సార్, ఆ జపానోళ్ళు" అన్నాడు చివరికి. "పది నెలలు జవాబులు చెప్పాలె."